ఎక్కడ తిందాం అనకూడని ఊరు

ఆ పట్నం పేరు చెప్పను. అక్కడ మాకు మూడిళ్ల చుట్టాలున్నారు, పేరు చెప్పానంటే రేపు శుభకార్యాలకు పిలవడం మానేస్తారు. కావాలంటే ఒక్క ఆనవాలు ఇస్తాను: ఆ ఊరి బస్టాండు మరుగుదొడ్డిలో నీళ్లు వస్తాయి. దాన్నిబట్టి కనుక్కోగలిగితే మీ ఇష్టం.

అక్కడికి వెళ్లడానికి మూలం మా మనవరాలు ప్రవల్లిక. తెనాల్లో బ్యాంకు ఉద్యోగం చేస్తుంది. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, వాళ్ల తాతయ్య తిని లేచాక నేను పీట వాల్చుకుని కూర్చోవడం చూసింది.

"నానమ్మా, నువ్వూ తాతయ్యా ఎదురెదురుగా కూర్చుని ఎప్పుడైనా తిన్నారా?" అంది.

నాకు చదువు మూడో తరగతితో ఆగిపోయింది గానీ జ్ఞాపకం ఆగలేదు. ఏ ఏడాది ఎవరి పెళ్లిలో ఏ కూరలో ఉప్పు తగ్గిందో చెప్పగలను. పీట మీద కూర్చుని యాభై రెండేళ్లూ వెనక్కి తిరగేశాను. పెళ్లిలో బువ్వంబంతి నాడు ఒకే విస్తరి ముందు కూర్చోబెట్టారు. మా మేనత్తలు సిగ్గుపడమన్నారు. సిగ్గుపడుతూ ఉండిపోయాను, ముద్ద నోటికి రాలేదు. ఆ తరవాత ఆయన రైసుమిల్లులో ఇంజను డ్రైవరయ్యారు. మధ్యాహ్నం అరగంట వదిలేవారు. ఆయన తినడం, నేను వడ్డించడం, ఆయన వెళ్లాక చల్లారింది నేను తినడం. మిల్లు మూతబడి ఇరవై ఏళ్లయింది. ఆ అరగంట మాత్రం మా ఇంట్లో ఇంకా నడుస్తోంది.

"లేదే" అన్నాను.

అన్నానే గానీ నాలుగు రోజులు నిద్ర పట్టలేదు. వేడివేడిగా ఒక్క పూట, ఇంకెవరో వడ్డిస్తుంటే, ఆయన ఎదురుగా కూర్చుని తినాలి. గొలుసు అడగలేదు, కాశీ అడగలేదు. మళ్లీ ఆదివారం మనవరాలు వస్తే అదొక్కటే అడిగాను. ప్రవల్లిక వెంటనే ఫోను తీసి, మా ఇద్దరికీ పట్నంలో రెండు రోజులు అని తేల్చేసి, హోటలు వెతకడానికి కూర్చుంది. కాసేపటికి తలెత్తింది.

"విచిత్రంగా ఉంది నానమ్మా. ఆ ఊళ్లో మొగుడూ పెళ్లాం హోటలు ఎంచుకోనక్కర్లేదంట. ఏదో మండలి ఉందంట, వాళ్లే ఎంచి ఇస్తారంట. తినే చోటు కూడా వాళ్లే చెప్తారంట."

రేషను బియ్యంలాగా అన్నమాట అనుకుని సంతోషించాను. ఆ పోలిక తట్టినప్పుడే నాకు అనుమానం రావలసింది.

బస్టాండులో దిగగానే గోడ మీద నా అరచేయంత అక్షరాలు కనిపించాయి. కూడబలుక్కుని చదివాను. 'ఎక్కడ తిందాం అని అడగకండి. మేము చెబుతాము. ఇట్లు, దంపతుల విహార సౌఖ్య మండలి.' కింద బాణం గుర్తు. బాణం పట్టుకుని వెళితే గాజు తలుపుల ఆఫీసు. లోపల బల్ల వెనక పరాంకుశం గారని ఒక అధికారి కూర్చుని ఉన్నారు. నుదుట గంధం, జేబులో మూడు రంగుల కలాలు. మనిషి మాట్లాడుతుంటే చదువుతున్నట్టే ఉంది, నా వెనక ఎవరో కాగితం పట్టుకుని నిలబడ్డారేమోనని తిరిగి చూశాను.

"విహారార్థం విచ్చేయు దంపతుల నడుమ ఉత్పన్నమగు కలహములపై మా మండలి సమగ్ర సర్వేక్షణ జరిపినది" అన్నారాయన. "అందు డెబ్భైమూడు శాతం కలహములు 'ఎక్కడ తిందాం' అను ప్రశ్న వద్దనే ప్రారంభమగుచున్నట్లు తేలినది. కావున ఎంపికాధికారమును మండలి స్వాధీనపరచుకొన్నది. ఎంపిక లేనిచోట కలహము లేదు."

"మేం పోట్లాడుకోం బాబూ" అన్నారు మా ఆయన.

"అది మండలి నిర్ధారించవలసిన విషయము."

నిర్ధారించడమంటే అరవై నాలుగు ప్రశ్నలు. ఒకరి జవాబు ఇంకొకరికి వినపడకూడదని నన్నొక గదిలో, ఆయన్నొక గదిలో కూర్చోబెట్టారు. నా ప్రశ్నలు రాజ్యలక్ష్మి అనే గుమస్తా చదివింది. యాభైకి దగ్గరపడిన మనిషి, మంచి మాట. అన్నం మెత్తగా ఉండాలా, పలుకుగా ఉండాలా అంది. అదీ ఒక ప్రశ్నేనా. ఆయనకి పై పళ్లు నాలుగు లేవు, మెత్తగా ఉండాలన్నాను. వంకాయ తింటారా అంది. ఆయన వంకాయ గిన్నెలో ఎప్పుడూ సగం వదిలేస్తారు, అక్కర్లేదన్నాను. ఇడ్లీయా పెసరట్టా అంది. ఇడ్లీ. కిటికీ రోడ్డు వైపు కావాలా? వద్దమ్మా, చప్పుడుంటే ఆయనకి కునుకు పట్టదు. రాత్రి భోజనం ఎన్నింటికి? ఆరు దాటకూడదు. సినిమా హాలు దగ్గర్లో ఉండాలా? దేనికి, మొదటి పాటకే నిద్రపోతారు.

అరవై నాలుగూ పది నిమిషాల్లో చెప్పేశాను. రాజ్యలక్ష్మి మెచ్చుకుంది. "ఇంత తొందరగా ఎవరూ చెప్పలేదు మామ్మగారూ. ఒక్కొక్కళ్లు రెండు గంటలు కొట్టుకుంటారు" అంది. బయటికి వచ్చేసరికి ఆయనా వచ్చేశారు. ఆయనకీ పది నిమిషాలే పట్టిందట.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి పరాంకుశం గారు ఎర్ర కలంతో గీతలు పెట్టుకుంటూ వెళ్లారు. పెట్టి పెట్టి ఆగారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"సున్నా శాతం ఏకీభావము" అన్నారు. గొంతులో కొంచెం భక్తి కూడా ఉంది. "మండలి చరిత్రలో ఇదియే ప్రథమము. అరవై నాలుగింట ఒక్కటియు కలియలేదు."

అప్పుడు నిబంధన వివరించారు. తొంభై శాతం పైన కలిస్తే ఒకే హోటలు, ఒకే బల్ల. యాభై పైన అయితే ఒకే హోటలు, వేరు బల్లలు. యాభై లోపు వేరు హోటళ్లు. సున్నాకి మాత్రం ఊరికి అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు, మధ్యలో కాలవ.

"అయ్యా, మేం కలిసి తినడానికే వచ్చాం" అన్నాను.

"కలిసి తినుటయే కదమ్మా కలహకారణము. వేరుగా ఉన్న దంపతులు కలహించిన దాఖలా మండలి వద్ద ఒక్కటియు లేదు."

ఇద్దరికీ చెరో చీటీ రాసిచ్చి, చెరో వైపు పంపారు.

నాకు ఇచ్చిన హోటలు కాలవకి ఉత్తరాన. చప్పుడు లేదు, కిటికీ వెనక గోడ వైపు, దగ్గర్లో సినిమా లేదు. అంతా అడిగినట్టే ఉంది, ఆయన లేరు. అయిదున్నరకే భోజనాల గదిలోకి పిలిచారు. మెత్తటి అన్నం, మజ్జిగ పులుసు, వంకాయ లేదు. గది నిండా ఆడవాళ్లే. ప్రతి బల్లకీ ఒక్కరే, ప్రతి చెవికీ ఒక ఫోను. గోడ మీద పలక వేలాడుతోంది: 'ఈ హోటలునందు నమోదైన కలహములు: సున్న.'

పక్క బల్ల దగ్గర పసుపు తాళ్లు ఆరని కొత్త పెళ్లికూతురు కళ్లు తుడుచుకుంటోంది. అత్తిలి పిల్లట. పెళ్లయి మూడు రోజులు.

"ఏమైందమ్మా?" అన్నాను.

"దోశ మెత్తగా ఉండాలన్నానండి. ఆయన కరకరలాడాలన్నారంట. నాకు తెలీదు కదండి, అడుగుదామంటే గది వేరే అన్నారు."

"కరకరలాడేదే నాకూ ఇష్టం అనాల్సింది."

"నిజం చెప్పమన్నారు కదండి" అంది. పాపం, ఇంకా కొత్త.

మా ఆయన ఫోను చేశారు. ఆయన ఫోనులో మాట్లాడితే ఇంజను పక్కన నిలబడి అరిచినట్టుంటుంది. "సీతారావమ్మా, ఇక్కడ కిటికీ రోడ్డు మీదికి ఉంది. పక్కనే సినిమా హాలు. కింద మల్లెపూల కొట్టు. నా ముందు అల్లం పెసరట్టు పెట్టారు. ఇంతింత గుత్తొంకాయలు. ఇదేం ఖర్మే."

"మరి మీరేం చెప్పారు వాళ్లకి?"

"నీకేది ఇష్టమో అదే చెప్పా. ఇది నీ సరదా యాత్ర కదా. నువ్వేం చెప్పావు?"

"మీకేది ఇష్టమో అదే చెప్పాను."

అవతల రోడ్డు మీద బస్సు వెళ్లిన చప్పుడు వినిపించింది.

"నాకు పెసరట్టు ఇష్టమని మీకెట్టా తెలుసు?" అన్నాను.

"బాగా చెప్పావు. వంకాయ గిన్నెలో సగం దేనికి వదుల్తున్నాననుకున్నావు ఇన్నాళ్లూ?"

ఫోను పెట్టేశాక మజ్జిగ పులుసు గిన్నె పక్కకి జరిపేశాను. పులుసు బాగానే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం చెరో ఆటోలో ఆఫీసుకి చేరాం. సున్నా శాతం వాళ్లు ఒకే బల్ల ముందు నిలబడకూడదని ఆయన్ని రెండో కిటికీ దగ్గరికి పంపారు. జరిగిందంతా నేను ఒక కిటికీలోంచి, ఆయన ఇంకో కిటికీలోంచి చెప్పాం. పరాంకుశం గారు కలం మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు.

"అనగా ఈమె మీ అభిరుచిని, మీరు ఈమె అభిరుచిని ప్రకటించితిరి."

"అంతే బాబూ."

"ఇది పరస్పర అభిరుచి అపహరణము. నియమావళిలో దీనికి గడి లేదు. గడి లేనిది జరిగి ఉండుటకు వీలు లేదు."

"జరిగింది కదయ్యా" అన్నాను.

"గడి నిర్మాణమునకు ఉపసంఘము కూర్చుండవలెను. వచ్చే మాసము మూడవ గురువారము."

మా తిరుగు బస్సు రేపు సాయంత్రం. ఆ మాట చెబితే పరాంకుశం గారి మనసు కరిగింది. తన విచక్షణాధికారంతో పునఃపరీక్షకు అనుమతి ఇచ్చారు. అంటే మళ్లీ అరవై నాలుగు ప్రశ్నలే. ఈసారి ఎవరిది వాళ్లు చెప్పాలి.

రాజ్యలక్ష్మి కాగితం ముందు పెట్టుకుంది. "చెప్పండి మామ్మగారూ. మీకు అన్నం మెత్తగానా, పలుకుగానా?"

నేను నోరు తెరిచాను. తెరిచి ఊరుకున్నాను. ఇంట్లో ఉన్నది మెత్తటి అన్నం, అందుకని మెత్తటిది తింటాను. పలుకుగా ఉంటే తింటానా? పుట్టింట్లో ఎలా వండేవారు? మా అమ్మ ఏ కుండలో వండేదో గుర్తుంది, కుండకి ఏ వైపు బీట ఉందో గుర్తుంది. అందులో అన్నం ఎలా ఉంటే నాకు ఇష్టమో ఎవరూ అడిగిన గుర్తు లేదు.

"ఒక్క నిమిషం ఉండమ్మా, ఆయన్ని అడిగి చెప్తాను" అన్నాను.

"అడక్కూడదండి."

మూడో ప్రశ్న దాటలేకపోయాను. అవతల గదిలో మా ఆయన రెండో దాని దగ్గరే ఆగిపోయారట. మీకేమిష్టం అంటే, "ఏది పెడితే అది తింటా, దాన్నే అడగండి" అని కూర్చున్నారట.

పరాంకుశం గారు నల్ల కలం తీశారు. "స్వీయాభిరుచి ఎరుగని వ్యక్తులకు భోజనశాల కేటాయించుట నియమవిరుద్ధము. నిన్నటి కేటాయింపులు సైతము రద్దు చేయడమైనది. మీ పెట్టెలు హోటళ్ల నుండి తెప్పించబడును."

"మరి ఇప్పుడు ఎక్కడ తిందాం?" అన్నారు మా ఆయన.

ఆఫీసులో టైపు చేసుకునేవాళ్లు చేతులు ఆపేశారు. పరాంకుశం గారు గాజు తలుపులోంచి బస్టాండు గోడ మీది రాతల వైపు వేలు చూపించారు. తొలి తప్పనీ, వయోవృద్ధులమనీ క్షమించారు గానీ ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. మా ఆయనకి సంతకం వచ్చు. వినలేదు.

పదకొండింటికి పెట్టెలతో ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాం. మూడు హోటళ్ల దాకా నడిచి వచ్చాం అప్పటికే. "దంపతులా? చీటీ ఏదండి?" అన్నారు అన్ని చోట్లా. చీటీ లేని జంటకి అన్నం పెడితే హోటలు మూతేస్తారట. చుట్టాలింట్లో రాత్రికి తలదాచుకోవచ్చు గానీ, అక్కడ మగవాళ్లు తిని లేచాకే నాకు ఆకు వేస్తారు. మా ఆయనకి మధుమేహం, వేళకి తినాలి. ఆయన మొహం పాలిపోతోంది. నావల్లనే కదా, కలిసి తినాలని నాకు బుద్ధి పుట్టబట్టే కదా అనిపించి, "నేనిక్కడ కూర్చుంటాను, మీరొక్కరూ వెళ్లి ఏదైనా తిని రండి" అన్నాను.

"యాభై రెండేళ్లు అదే చేశాగా" అన్నారాయన. కదల్లేదు.

రాజ్యలక్ష్మి క్యారేజీ పట్టుకుని బయటికి వచ్చింది. అటూ ఇటూ చూసి మా పక్కన ఒక మెట్టు కింద నిలబడి, చెప్పు పట్టీ సర్దుకుంటున్నట్టు వంగింది.

"మామ్మగారూ, మండలికి అధికారం దంపతుల మీదే. ఒంటిగా వచ్చినవాళ్లని ఏమీ అడగరు. వెనక వీధిలో మెస్సుంది. జనం ఎక్కువ, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోబెడతారు. ముక్కూ మొహం తెలీనివాళ్లయినా ఎదురెదురుగా తినాల్సిందే." చెప్పు సర్దుకోవడం అయిపోయింది. "నాదీ, మా ఆయనదీ కూడా ఈ ఊళ్లోనే ఉద్యోగాలండి. నెలకోసారి అట్టానే వెళ్తాం" అని వెళ్లిపోయింది.

మా ఆయన పెట్టె తీసుకుని ముందు నడిచారు. నేను నూరు గజాలు వెనక. మెస్సులో నెత్తిన గుడ్డ చుట్టుకున్న వడ్డనమనిషి నన్ను చూసి, "ఒక్కరేనా మామ్మగారూ? అదుగో, ఆ పెద్దాయన ఎదురుగా ఉంది, సర్దుకోండి" అన్నాడు.

సర్దుకున్నాను. అరిటాకు వేశారు. పొగలు కక్కుతూ అన్నం, ముద్దపప్పు, గోంగూర, గుత్తివంకాయ. ఆయన కలుపుకున్నారు. నా చెయ్యి మాత్రం ఆకు మీదికి పోలేదు. ఆయన ఆకులో పప్పు తక్కువైంది. నాకు తెలియకుండానే లేచి గరిటె కోసం చూస్తున్నాను.

"కూర్చోండి మామ్మగారూ, మేమున్నాం కదా వడ్డించడానికి" అన్నాడు వడ్డనమనిషి.

కూర్చున్నాను. ఆయన తలెత్తి నన్ను చూశారు. ముందు కొంచెం తడబడి గొంతు సవరించుకున్నారు.

"మీదే ఊరండి?"

యాభై రెండేళ్లలో ఆయన నోట నాకు 'అండి' రావడం అదే మొదలు.

"రేపల్లె దగ్గరండి. మీదో?"

"మాదీ అటేనండి. మిల్లులో చేసేవాణ్ణి. తినండి, చల్లారిపోద్ది." నెయ్యి గిన్నె తీసి నా ఆకులో వేశారు. "వంకాయ బాగుంది. మా ఇంటిది చేస్తే ఇంతకన్నా బాగుంటదనుకోండి."

"ఆ మాట ఆవిడతో ఎప్పుడైనా చెప్పారా అండి?"

"ఎక్కడండి. నేను తింటున్నంతసేపూ నిలబడే ఉంటది. నేను తొందరగా లేస్తే అది కూర్చుంటదని గబగబా తిని లేచేవాణ్ణి. మాట్లాడుతూ కూర్చుంటే దానికి ఇంకా ఆలస్యం కదండీ."

మిల్లుకి ఆలస్యమవుతుందని అనుకున్నాను నేను. మిల్లు మూతబడ్డాక కూడా అలాగే అనుకున్నాను. గోంగూర ఘాటుగా ఉంది, కళ్లలో నీళ్లు వచ్చాయి. మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపారు.

అన్నం పలుకుగా ఉంది. నాకు పలుకే ఇష్టమట. ఆ పూట తెలిసింది. ఆయన మాత్రం ఆ నాలుగు పళ్లు లేని చోట తిప్పుకుంటూ నెమ్మదిగా తిన్నారు, అరగంట దాటిపోయింది.

పెరుగు దగ్గర ఉండగా మండలి తనిఖీదారు వచ్చాడు. మెడలో బిళ్ల, చంకలో పుస్తకం. బల్లబల్లకీ తిరుగుతూ మా దగ్గర ఆగాడు.

"మీరిద్దరూ దంపతులని ఫిర్యాదు వచ్చింది. ఒకే బస్సు దిగారంట."

 మా ఆయన ఏదో అనబోయారు. ఆయనకి అబద్ధం రాదు, వచ్చుంటే మిల్లులో మేనేజరయ్యేవారు. అంతలో తనిఖీదారే చెయ్యి అడ్డం పెట్టి, ఆకులు రెండూ పరిశీలించాడు. నెయ్యి గిన్నె ఎవరి వైపు ఉందో చూశాడు. పుస్తకం తెరిచి, రాస్తున్నది పైకి చదువుకున్నాడు.

"పురుషుడు స్త్రీకి నెయ్యి వడ్డించినాడు. స్త్రీ తినుచుండగా పురుషుడు లేవక కూర్చున్నాడు. ఇరువురును ముఖములు చూచుకొని సంభాషించుచున్నారు. వంటను ప్రశంసించిరి." పుస్తకం మూశాడు. "దంపతులు కారు. తినండి, తినండి."

వడ్డనమనిషి మజ్జిగ పోసి వెళ్లాడు. ఇద్దరం ఒకేసారి ఆకు మడిచాం. చెయ్యి కడుక్కుని వచ్చాక ఆయన తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ గుమ్మం దగ్గర ఆగారు.

"రేపు మధ్యాహ్నం కూడా ఇక్కడికే వస్తారా అండి?" అన్నారు.

"మా ఆయన్ని అడిగి చెబుతానండి" అన్నాను.